మా తీగ ఏ వైపుంది?

మా ఇంట్లో పాత మర్ఫీ వాల్వు రేడియో ఒకటుండేది. దాని వెనక అట్టకి రెండు చిన్న రంధ్రాలు. ఒకదాని పక్కన 'ఏ' అనీ, రెండోదాని పక్కన 'ఈ' అనీ రాసుండేది. ఏ అంటే ఏరియల్. ఈ అంటే ఎర్త్. మాకు అప్పటికి ఇంగ్లీషు రాదు. అబ్బాకీ రాదు. ఆయన తన లెక్కలో చెప్పేశారు: "ఒకటి ఆస్మాన్‌కి, ఒకటి జమీన్‌కి. రెండూ తగిలితేనే ఈ డబ్బా మాట్లాడతది."

మేం ముగ్గురన్నదమ్ములం. నల్లగొండ జిల్లాలో ఓ చిన్న ఊరు. అబ్బాది మోటారు వైండింగ్ పని. బోరు మోటార్లు కాలిపోతే రైతులు ఎడ్లబండి మీద వేసుకొచ్చేవాళ్ళు. మా ఊళ్ళో రేడియో రిపేరు, గడియారం రిపేరు, సైకిల్ పంక్చరు, మోటారు వైండింగ్ - అన్నీ మావాళ్ళ చేతుల్లోనే ఉండేవి. చదువు పెద్దగా లేదు. భూములు లేవు. చేతులున్నాయి. కాలిన మోటార్లోంచి తీసిన రాగితీగ మా ఇంట్లో చుట్టలు చుట్టలుగా పడుండేది. ఇంకొకళ్ళింట్లో గడ్డి పడున్నట్టు. అందుకే మాకు ఏరియల్ పిచ్చి పట్టడంలో వింతేం లేదు.

పిచ్చి మొదలైంది మాత్రం దాదీ వల్ల. ఆమెకి హజ్ చెయ్యాలని ఉండేది. చేసే స్తోమతు లేదు. కనీసం మక్కా అజాఁ ఒక్కసారి చెవులతో వినాలని ఆశ. రియాద్ నుంచి షార్ట్‌వేవ్‌లో ఖురాన్ ప్రసారం వస్తుందని ఎవరో చెప్పారు. మర్ఫీ సెట్టుకి మూరెడు తీగ కట్టి తిప్పితే బుసబుసలే. "అరే బేటా, జర ఊపర్ బాంధో" అనేది దాదీ. ఇంకొంచెం పైకి కట్టండ్రా అని. అట్లా మేం మిద్దె ఎక్కాం.

ఎక్కాక ఒక్కొక్కటే తెలుసుకున్నాం. హైదరాబాదు స్టేషను మీడియంవేవ్‌లో నేల పట్టుకుని వస్తుంది. దానికి పొడుగు తీగ అక్కర్లేదు. షార్ట్‌వేవ్ అట్లా కాదు. వందల కిలోమీటర్ల ఎత్తున ఎండకి విద్యుత్తు పట్టిన పొర ఒకటుంటుంది. అలలు దానికి తగిలి వంగి మళ్ళీ నేలకి దిగుతాయి. మళ్ళీ లేస్తాయి. అట్లా రెండు మూడు గెంతుల్లో సముద్రాలు దాటొస్తాయి. పగలు 13, 16, 19 మీటర్ల బ్యాండ్లు బాగా పలుకుతాయి. పొద్దుగూకాక అవి చచ్చిపోయి 31, 41, 49 మీటర్లు లేస్తాయి. మగ్రిబ్ వేళ రెండూ కలగాపులగంగా ఉంటాయి. ఆ అరగంటా ముల్లు తిప్పే చెయ్యికి విశ్రాంతి ఉండదు.

తీగ పొడవుకీ ఒక లెక్కుంది. రేడియో రిపేరు చేసే చిచ్చా చెప్పాడు. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే సగం అల పొడవు మీటర్లలో వస్తుంది. 31 మీటర్ల బ్యాండులో 9.6 మెగాహెర్ట్జ్ పట్టాలంటే దాదాపు పదిహేను మీటర్ల తీగ. అంటే దగ్గర దగ్గర యాభై అడుగులు. అంత తీగ నడుమ తెంపి అక్కణ్ణించి రెండు పాయల లీడు దింపితే దానికి ఒక దిక్కు వస్తుంది. తీగ చివరలు చూసే వైపు అది తక్కువ వింటుంది. అడ్డంగా, పక్కల వైపు ఎక్కువ వింటుంది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత అవసరమొస్తుంది.

మా ఊరి నుంచి కిబ్లా పడమర. కచ్చితంగా చెప్పాలంటే పడమరకి కాస్త ఉత్తరంగా. అటువైపు వినాలంటే తీగ ఉత్తర దక్షిణాలుగా కట్టాలి. మిద్దె మీద ఒక వెదురు బొంగు నిలబెట్టాం. రెండో కొన కట్టడానికి మాకు జాగా లేదు. పక్కింటి సారు వాళ్ళ వేపచెట్టు సరిగ్గా ఉత్తరాన ఉంది. అడిగితే ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు. కొనలకి పింగాణీ గుడ్లు కట్టాం. చెట్టు ఊగితే తీగ తెగకుండా సైకిల్ ట్యూబు ముక్క వేశాం. లీడు తీగ కిటికీలోంచి ప్లాస్టిక్ గొట్టంలో దింపాం.

దాదీ మక్కా అజాఁ విన్నది. మాకంటే అక్కడ రెండున్నర గంటలు వెనక. మా ఇషా అయిపోయాక వాళ్ళ మగ్రిబ్. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని రేడియో ముందు కూర్చుంది. గొంతు దగ్గరికొచ్చీ దూరంపోయీ అల్లాడింది. ఐనా ఆమె కదల్లేదు. అయ్యాక "సాఫ్ హై" అంది. మేం నోటుబుక్కులో ఆరోజు అయిదుకి అయిదు వేశాం. అప్పట్నుంచీ మా మీటరు దాదీ చెవే. టైము, బ్యాండు, మార్కులు - మూడు గీతలు గీసి రాసుకునేవాళ్ళం.

అదే తీగ మీద కొలంబో కూడా వచ్చింది. అమ్మీకి ఆ రేడియో సిలోన్ తెలుగు పాటలు ప్రాణం. అబ్బా బుధవారం బినాకా గీత్‌మాలా వదిలేవారు కాదు. లండన్ నుంచి బీబీసీ ఉర్దూ, హిందీ వార్తలు వచ్చేవి. ఢిల్లీ నుంచి ఆకాశవాణి ఉర్దూ సర్వీసు వచ్చేది. 1965లో మొదలైందది. మా కోసమే పెట్టారనుకునేది దాదీ. పెద్దయ్యాక తెలిసింది, అది ఆకాశవాణి విదేశీ ప్రసారాల విభాగంలోదని. సరిహద్దు అవతలి శ్రోతల కోసమని. మన దేశం మన భాషలో మాట్లాడుతోందని మా ముసలామె మురిసిపోయింది. దేశమేమో ఆమె తల మీదుగా అవతలివాళ్ళతో మాట్లాడుతోంది. ఈ సంగతి ఆమెకి మేం ఎప్పుడూ చెప్పలేదు.

ఇక ఎర్త్ సంగతి. ఏరియల్ అందరికీ కనపడుతుంది. ఎర్త్ ఎవరికీ కనపడదు. దాంతోనే మేం ఎక్కువ తిప్పలు పడ్డాం. మొదట నల్లా గొట్టానికి కట్టాం. లాభం లేకపోయింది. మా ఇంటి ఇనప గొట్టం రోడ్డు దగ్గర సిమెంటు గొట్టంలో కలుస్తుందని తర్వాత తెలిసింది. అట్లాంటి గొట్టం నేలని ఏం పట్టుకుంటుంది? తర్వాత కరెంటు బోర్డు మూడో పిన్నుకి కట్టాం. ఊరంతటి మోటార్ల గుర్రు మా రేడియోలోకి దిగింది. అబ్బా చూసి వీపు మీద రెండు వేశారు. చచ్చేవాళ్ళురా అన్నారు.

చివరికి పెరట్లో గొయ్యి తవ్వాం. మాది మొరం నేల. రెండడుగులకే రాళ్ళు తగిలాయి. గడ్డపారతో నాలుగడుగులు దింపడానికి మూడు రోజులు పట్టింది. ఇనప గొట్టం నిలబెట్టి చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస దొడ్డుప్పు వేసి నీళ్ళు పోశాం. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది. ఉప్పు ఆ తడిలో కరెంటు పారేలా చేస్తుంది. గొట్టానికి రాగితీగ బిగించి సెట్టు వెనక 'ఈ'లో పెట్టాం. గుర్రు తగ్గింది. వెనక దాక్కున్న సన్న స్టేషన్లు బయటికొచ్చాయి. పిడుగుల కాలానికి కిటికీ దగ్గర ఒక కత్తి స్విచ్చి పెట్టాం. మబ్బు పడితే తీగని రేడియో నుంచి తప్పించి నేరుగా ఎర్త్‌కి కలిపేవాళ్ళం.

ఎండాకాలం రాగానే మళ్ళీ గోల. నేల ఎండిపోయి రేడియో గొంతు గరగరలాడింది. బావిలోంచి నీళ్ళు తోడి పొయ్యాలంటే ఎవరికీ ఓపిక లేదు. దాదీనే ఉపాయం చేసింది. తను వజూ చేసే రాయిని గొయ్యి పక్కకి జరిపించింది. రోజుకి అయిదుసార్లు ముఖం, చేతులు, కాళ్ళు కడిగిన నీళ్ళు ఆ గొట్టం మొదట్లోకి పోయేవి. ఆమెని చూసి అబ్బా, అమ్మీ కూడా అక్కడే వజూ చేసేవాళ్ళు. ఆ తర్వాత మే నెల్లో కూడా మా ఎర్త్ ఎండలేదు.

1982లో చిచ్చా కువైట్ నుంచి నేషనల్ పానాసోనిక్ ట్రాన్సిస్టర్ తెచ్చాడు. అబ్బా చిన్న తమ్ముడు. అక్కడ డ్రైవరు. మేం ఉత్సాహంగా మా తీగ తీసుకెళ్ళి దాని పొడుగు రాడ్డుకి నేరుగా తగిలించాం. అన్ని స్టేషన్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొలంబో పాట మీద చైనా వార్తలు, దాని మీద ఇంకేదో అరబ్బీ. పాత వాల్వు సెట్టు ఎంత తీగనైనా తట్టుకుంటుంది. ట్రాన్సిస్టర్ తట్టుకోదు. దానికి ఎక్కువ వినిపిస్తే ఏదీ వినలేదు. ఎనామిల్ తీగని రాడ్డు చుట్టూ పది చుట్లు ఊరికే చుట్టి వదిలేస్తే సరిపోయింది. రాగి రాడ్డుకి తగలదు. పక్కన ఉంటుందంతే. ఐనా వినపడుతుంది.

ఇప్పుడు మీరడగబోయే ప్రశ్న మాకు తెలుసు. బడిలో అడిగారు. టీ హోటల్లో అడిగారు. "మీ రేడియోల పాకిస్తాన్ వస్తదా?"

వస్తది. విన్నాం. దాచేదేముంది? గజళ్ళు విన్నాం, నాటకాలు విన్నాం, క్రికెట్ విన్నాం. మాతోపాటు మా క్లాసు పిల్లలూ కూర్చుని విన్నారు. 1986 ఏప్రిల్ 18న షార్జాలో ఆఖరి బంతికి మియాందాద్ సిక్సర్ కొట్టినప్పుడు మా ఇంట్లో అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు. మర్నాడు బజార్లో మా ముఖాలు చూసి, "లోపల లోపల కుషీగున్నరు" అన్నారు. బాధని కూడా సాక్ష్యం పెట్టి రుజువు చేసుకోవాల్సిన వాళ్ళం మేం. వేరేవాళ్ళకి ఓడిపోతే ఏడుపొస్తే చాలు. మాకు ఏడ్చినట్టు నలుగురికీ కనపడాలి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. చిచ్చా అక్కడే ఉన్నాడు. ఫోన్లు లేవు. ఉత్తరాలు లేవు. కువైట్ రేడియో మామూలు కార్యక్రమాలు ఆగిపోయాయి. అప్పట్నుంచి మా తీగే మా పోస్టాఫీసు. రాత్రిళ్ళు బీబీసీ, వాయిస్ ఆఫ్ అమెరికా, ఢిల్లీ - ఒకదాని తర్వాత ఒకటి. పక్కింటి సారు కూడా వచ్చి మా మంచం పట్టె మీద కూర్చునేవాడు. ఆయన అల్లుడు రియాద్‌లో. ఇద్దరి భయమూ ఒకటే. ఆయనకి దాదీ అర్థంకాని ఉర్దూ మాటలకి తెలుగు చెప్పేది. భారతీయుల్ని బస్సుల్లో అమ్మాన్ చేర్చి అక్కణ్ణించి విమానాల్లో బొంబాయి తెస్తున్నారని ఆ తీగ మీదే విన్నాం. 59 రోజులు, దాదాపు 500 విమానాలు, లక్షా డెబ్భై వేల మందికి పైగా. అందులో ఒకడిగా మా చిచ్చా సెప్టెంబరు నెలాఖరుకి ఇల్లు చేరాడు. చేతిలో సంచీ తప్ప ఏం లేదు. ఎనిమిదేళ్ళకి పైగా చేసిన కష్టం అక్కడే వదిలేసొచ్చాడు.

డిసెంబరు వచ్చింది. హైదరాబాదులో మతకల్లోలం. చావుల లెక్కలు రోజూ పెరిగాయి. మా ఊళ్ళో ఏమీ జరగలేదు. కానీ మాటలు నడిచాయి. ఎవరి నోట మొదలైందో తెలీదు, "సాయిబులింట్ల వైర్‌లెస్ ఉంది" అన్నారు. ఒకరోజు పొద్దున కానిస్టేబుల్ వచ్చాడు. మిద్దె మీది తీగని చాలాసేపు చూశాడు.

"గా తీగ ఏంది సాయిబూ?"

"ఏరియల్ సార్. రేడియోకి."

"ఎటు దిక్కుంది?"

మేం నిజమే చెప్పాం. ఒక కొన ఢిల్లీ వైపు, ఇంకో కొన కొలంబో వైపు అని. ఆయనకి తృప్తి కలగలేదు. "పాకిస్తాన్ దిక్కు లేదా?" అన్నాడు. తీగ కొనలు చూసే వైపు తక్కువ వింటుందనీ, అడ్డంగా ఎక్కువ వింటుందనీ, అంత తక్కువ ఎత్తున కడితే ఆ తేడా కూడా సగం చెరిగిపోతుందనీ ఆయనకి ఎట్లా చెప్పడం? చెప్తే ఇంకో పది ప్రశ్నలు. అబ్బా మర్ఫీ రేడియో తెచ్చి ముందు పెట్టారు. లైసెన్సులుండే రోజుల్లో పోస్టాఫీసు ఇచ్చిన చిన్న బుక్కు కూడా తెచ్చారు. ఏటేటా కట్టిన ముద్రలున్నాయందులో. రేడియోకి లైసెన్సు రద్దయి అప్పటికే కొన్నేళ్ళు. ఐనా అబ్బా ఆ బుక్కు పారెయ్యలేదు. ఎందుకు దాచారో మాకు ఆరోజు అర్థమైంది. మావాళ్ళు కాయితాలు పారెయ్యరు.

కానిస్టేబుల్ చెడ్డవాడు కాదు. చాయ్ తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రం గోడ మీంచి పక్కింటి సారు పిలిచాడు. నేల వైపు చూస్తూ అన్నాడు: "మా చెట్టుకున్నది విప్పుకోండి. నాకు మాటొస్తది."

మేం ఏం మాట్లాడలేదు. ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు. కట్టినప్పుడూ ఆయనే, విప్పినప్పుడూ ఆయనే.

ఆ రాత్రి దాదీ ఒక సంగతి చెప్పింది. అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు మాట డెక్కన్ రేడియోలో వచ్చినప్పుడు దాదా ఒక పెద్దింటి వరండాలో నిలబడి విన్నాడట. ఆ తర్వాత రోజుల్లో భయంతో ఎవరెవరు ఏమేం పూడ్చిపెట్టారో, ఏమేం బావిలో వేశారో చెప్పింది. "మనోళ్ళ ఇళ్ళల్లో పైకి కనపడేదేదీ ఉంచుకోలేదు బేటా" అంది. మేం తీగ చుట్ట చేసి మూల పెట్టాం.

ఐతే ఇంట్లో రేడియో లేకుండా ఉండలేం. మా పెరడు గోడ నుంచి మిద్దె అంచుకి ముప్పై అడుగులుంది. అంతే జాగాలో, బయటికి కనపడకుండా, బట్టల తీగంత ఎత్తున కట్టాం. అంత కురచ తీగకి ఏం వస్తుందిలే అనుకున్నాం. కొన నుంచి లీడు దింపిన అట్లాంటి తీగకి మిగతా సగం పని నేలే చెయ్యాలి. అందుకని ఎర్త్ మీద పడ్డాం. గొట్టం దగ్గర్నుంచి నాలుగు దిక్కులా నాలుగు రాగితీగలు జానెడు లోతులో పాతాం. పెరడంతా చాళ్ళు తీసినట్టయింది. కలిపి చూస్తే, మొదట మాకే నమ్మబుద్ధి కాలేదు. గొంతు కాస్త చిన్నదైంది, నిజమే. కానీ గరగర అంతకంటే ఎక్కువ తగ్గింది. రేడియోలో కావలసింది పెద్ద గొంతు కాదు. గొంతుకీ గోలకీ మధ్య తేడా. నోటుబుక్కు తీసి చూసుకున్నాం. రాత్రి 31 మీటర్లలో పాత తీగకి వేసిన మార్కులే దీనికీ పడ్డాయి.

మరుసటి నెల, 1991 జనవరి 17న, గల్ఫ్ యుద్ధం మొదలైంది. రియాద్ మీద స్కడ్ క్షిపణులు పడుతున్నాయని బీబీసీ చెప్పింది. గోడ అవతల దగ్గు వినపడింది. సారు నిలబడి ఉన్నాడు. ఇటు రాలేదు. మేమూ రమ్మనలేదు. కాసేపటికి "ఏమంటున్రు?" అన్నాడు. అబ్బా లేచి రేడియోని గోడ వైపుకి తిప్పి సౌండు పెంచారు. దాదీ మునుపట్లాగే తెలుగు చెప్పింది. కాస్త గట్టిగా, గోడ దాటేలా. అట్లా యుద్ధం ముగిసేదాకా నడిచింది. ఆ చెట్టు సంగతి మాత్రం ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ఇప్పుడు దాదీ లేదు. అబ్బా లేరు. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం 2020 జనవరి 31తో ఆగింది. బీబీసీ అరబిక్ రేడియో 2023 జనవరిలో మూతబడింది. గీత్‌మాలా గొంతు అమీన్ సయానీ 2024 ఫిబ్రవరిలో వెళ్ళిపోయాడు. మా పిల్లలు మక్కా అజాఁ ఫోన్లో చూస్తారు, చెదరని బొమ్మతో సహా. మేం మాత్రం అప్పుడప్పుడు బ్యాటరీ సెట్టు పట్టుకుని ఊరి బయటికి వెళ్తాం. ఊళ్ళో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు కలిసి షార్ట్‌వేవ్ నిండా దుమ్ము లేపుతున్నాయి. చెరువుకట్ట మీద తడి మట్టిలో ఇనప చువ్వ గుచ్చి, తుమ్మచెట్టు మీదికి తీగ విసిరి కూర్చుంటే ఇప్పటికీ ఎక్కడెక్కడి మనుషులో పలుకుతారు.

ప్రశ్న మాత్రం ఆగలేదు. అప్పుడు తీగ ఎటుంది అన్నారు. ఇప్పుడు మనసు ఎటుంది అంటున్నారు. మీరు పైకి చూసి అడుగుతారు. వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగేది ఎవరి తీగ మీదైనా దిగుతుంది. దాన్ని మేం పిలవలేదు, ఆపలేం. కానీ ఆ తీగ రెండో కొస ఎక్కడ దిగబడి ఉందో మిద్దె మీద వెతికితే దొరకదు. పెరట్లోకి రండి. నల్లగొండ మొరంలో నాలుగడుగుల లోతున ఉంది. మేమే తవ్వాం. చేతులు బొబ్బలెక్కాయి.

ఈ మధ్య పెరడంతా సిమెంటు చేయించాం. మేస్త్రీ ఆ పాత ఇనప గొట్టం కోసేస్తానన్నాడు. వద్దన్నాం. చుట్టూ జానెడు జాగా మట్టితోనే వదిలెయ్యమన్నాం. "గిదెందుకు సార్?" అన్నాడు.

"నీళ్ళు పొయ్యాలె" అన్నాం.